బాకీ వేరు, నష్టం వేరు: సైన్యానికి సరుకు పంపి చేతులు కాల్చుకున్న ఇంటికి జవాబు

ప్రశ్న: నమస్కారమండీ. మావారు, మా మరిది కలిసి సరఫరా వ్యాపారం చేస్తారు. లెక్కలు నేను చూస్తాను. ఒక సైనిక శిబిరానికి పదకొండు నెలల పాటు నీళ్ళ ట్యాంకర్లు, దుప్పట్లు, గుడారాల సామాను, జనరేటర్లకు డీజిల్ పంపాం. మొదటి నాలుగు నెలలూ ఆర్డర్ కాగితం మీద వచ్చేది, డబ్బులూ వచ్చేవి. తర్వాత అర్జెంటు అంటూ ఫోన్‌లోనే చెప్పేవారు. మేమూ కాదనలేదు. ఒకసారి దారి మూసేసి మా లారీ తొమ్మిది రోజులు ఆగిపోయింది. ఇంకోసారి లారీయే దెబ్బతింది. ఇప్పుడు శిబిరం ఎత్తేశారు, మాకు ఫోన్ చేసే అధికారి బదిలీ అయిపోయారు. ఏడు నెలల బిల్లులు, లారీ నష్టం, మేం తెచ్చిన అప్పు మీద వడ్డీ, రావాల్సిన లాభం అన్నీ కలిపి ఒకే ఉత్తరం రాశాం. 'పరిశీలనలో ఉంది' అని ఒక్క లైను జవాబు వచ్చి ఏడాది దాటింది. టెన్షన్‌తో మావారికి నిద్ర పట్టడం లేదు. మా మరిదేమో, కష్టకాలంలో చేసినదానికి లెక్క అడగడం ఏం మర్యాద, వదిలేద్దాం అంటాడు. ప్రజల డబ్బులోంచి మా నష్టం అడగడం తప్పా? అడిగితే వస్తుందా?
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు మీ మరిదిగారి సంగతి చూద్దాం. ఆయన మాటలో మర్యాద ఉంది కానీ, ఆ మర్యాదే రేపు మీ మెడకు చుట్టుకోవచ్చు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో ఫ్రాన్స్‌లో బోమార్షే అనే నాటక రచయిత ఉండేవాడు. 1776లో ఒక డొల్ల కంపెనీ పెట్టి అమెరికన్ సైన్యానికి తుపాకులు, మందుగుండు, బట్టలు ఓడల్లో పంపాడు. ఫ్రాన్స్ రాజు, స్పెయిన్ రాజు చాటుగా పెట్టుబడి పెట్టారు. యుద్ధం అయ్యాక ఆయన బిల్లు పంపితే, అవి రాజులు మాకు ఇచ్చిన కానుకలు కదా, వాటికి డబ్బేమిటి అంది అమెరికా. అది కానుకా అమ్మకమా అన్న పేచీలోనే ఆయన కాలం గడిచిపోయింది. 1799లో చనిపోయాడు. 1835లో ఆయన వారసులు 8 లక్షల ఫ్రాంకులకు రాజీపడ్డారు. అడిగినదాంట్లో అది చిన్న ముక్క.

కాబట్టి 'దేశం కోసం చేశాం' అన్న మాట ఇంట్లో ఎన్నిసార్లయినా అనుకోండి, అర్జీలో మాత్రం రాయకండి. మీరు పంపినది ధర కట్టిన సరుకు, ఉచితంగా ఇవ్వాలన్న ఉద్దేశం ఏ రోజూ లేదు. ఈ వాక్యం అర్జీ మొదటి పేజీలోనే ఉండాలి. మొదటి నాలుగు నెలలూ వాళ్ళు డబ్బు కట్టారు కదా, దానికి సాక్ష్యం అదే. ఇంతకీ ప్రజల డబ్బు అడగడం తప్పా అన్నారు. మీ డీజిల్‌తో వెలిగిన దీపాలు ప్రజల తరఫున వెలిగినవే. ఆ ఖర్చు జనమంతా పంచుకోవాలా, మీ ఒక్క ఇల్లే మోయాలా అన్నదే ఇక్కడ ప్రశ్న. ఇందులో సిగ్గుపడాల్సింది నాకేమీ కనిపించడం లేదు.

ఇక అసలు విషయం. నేను చాలా ఏళ్ళు బిల్లులు పాస్ చేసే బల్లకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. మీరు రాసిన ఉత్తరం లాంటివి నా దగ్గరికీ వచ్చేవి. అందులో బిల్లుంటుంది, లారీ ఉంటుంది, వడ్డీ ఉంటుంది, లాభం ఉంటుంది, మధ్యలో కన్నీళ్ళు ఉంటాయి, చివర ఒక పెద్ద మొత్తం ఉంటుంది. ఆ మొత్తం చూడగానే గుమాస్తా చేసే పని ఒక్కటే, ఫైలు పైకి పంపించడం. పై అధికారికీ అంత మొత్తం మంజూరు చేసే అధికారం ఉండదు, ఇంకా పైకి పంపిస్తాడు. అక్కడ ఎవరో ఒకరు 'పరిశీలనలో ఉంది' అని రాయిస్తారు. అందులో మోసం లేదు. ఏ పద్దు కింద ఇవ్వాలో తెలియనప్పుడు రాసే వాక్యం అది.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు వస్తువులు కలిసిపోయాయి. సైన్యం తీసుకుని వాడుకున్న సరుకు ధర బాకీ. లారీ, ఆగిపోయిన రోజులు, మీ అప్పు మీద వడ్డీ, రాని లాభం అంతా నష్టం. బాకీ కట్టడానికి ప్రభుత్వాలు ఆలస్యం చేస్తాయి గానీ, సూత్రంగా కాదనలేవు. నష్టం దగ్గరికొస్తే అసలు సూత్రాన్నే కాదంటాయి. రెండూ ఒకే సంచిలో వేస్తే బాకీ కూడా నష్టంలాగే కనబడుతుంది.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తేటగా కనిపించే ఉదాహరణ మనీలాది. 1941 డిసెంబరులో జపాన్ సేనలు దగ్గరపడుతుంటే, అమెరికా సైన్యం అక్కడి చమురు కంపెనీల డిపోలను స్వాధీనం చేసుకుంది. పనికొచ్చే చమురు వాడుకుంది, మిగతావి శత్రువు చేతికి చిక్కకుండా ధ్వంసం చేసింది. యుద్ధం తర్వాత చమురు నిల్వలకు, రవాణా సామానుకు ప్రభుత్వం డబ్బు కట్టింది. డిపోల కట్టడాలకు మాత్రం కట్టనంది. కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. 1952లో అమెరికా సుప్రీంకోర్టు, యుద్ధంలో జరిగిన విధ్వంసాన్ని పౌరులు భరించాల్సిందే అని ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. చమురు డబ్బు వచ్చింది, డిపోల డబ్బు రాలేదు. మీ డీజిల్‌కూ మీ లారీకీ మధ్య ఉన్న తేడా సరిగ్గా అదే.

బ్రిటన్‌లో ఇంకో అడుగు ముందుకు వెళ్ళింది కథ. 1942లో బర్మాలో బ్రిటిష్ సేనలు వెనక్కి తగ్గుతూ ఒక చమురు కంపెనీ ఆస్తుల్ని ధ్వంసం చేశాయి. పరిహారం ఇవ్వాల్సిందేనని 1964లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ తేల్చింది. కంపెనీ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. 1965లో పార్లమెంటు ఒక చట్టం చేసి, అలాంటి పరిహారం హక్కును వెనకటి తేదీ నుంచే రద్దు చేసేసింది. గెలిచిన కేసు గెలిచినవాళ్ళ చేతుల్లోంచే జారిపోయింది. అదే దేశంలో 1916లో విమానదళం ఆఫీసుల కోసం లండన్‌లో ఒక హోటల్‌ని సర్కారు తీసుకుంటే, 1920లో అదే ప్రభువుల సభ పరిహారం ఇవ్వాలంది. ఆ తీర్పు ఇప్పటికీ పుస్తకాల్లో నిలిచే ఉంది. హోటల్‌ని వాడుకున్నారు, చమురు ఆస్తుల్ని కాల్చేశారు. తేడా మీకే అర్థమవుతుంది.

అందుకని ఆ పాత ఉత్తరాన్ని పక్కన పెట్టి, రెండు అర్జీలు రాయండి. మొదటిదాంట్లో ఏడు నెలల సరుకు ధర, అది ఆలస్యమైనందుకు వడ్డీ తప్ప ఇంకేమీ ఉండకూడదు. లారీ మాట పొరపాటున కూడా రానివ్వకండి. పాత ఉత్తరంలోని మిగతా క్లెయిములు వదులుకోవడం లేదని, వాటికి వేరే అర్జీ ఇస్తున్నామని చివర ఒక్క వాక్యం చాలు. రెండోది వారం ఆగి పంపినా ఫర్వాలేదు.

మొదటి అర్జీకి మూడు రుజువులు కావాలి. సరుకు వెళ్ళిందని, అది చెప్పినవారికి చెప్పే అధికారం ఉందని, దాన్ని వాళ్ళు వాడుకున్నారని. చాలామంది మొదటిదాని మీదే అన్ని కాగితాలూ కుప్పపోస్తారు. నన్నడిగితే మూడోదే ప్రాణం.

ఎందుకో చెబుతాను. ఫోన్ ఆర్డర్ల దగ్గర మీరు బలహీనంగా ఉన్నారు. ప్రభుత్వం తరఫున ఎవరు పడితే వారు మాట ఇస్తే ఖజానా కట్టుబడదు. ఈ నియమం దాదాపు అన్ని దేశాల్లోనూ ఉంది, మంచిదే కూడా. మీరు ఏ దేశంలో సరఫరా చేశారో రాయలేదు, కాబట్టి సెక్షన్ల జోలికి పోను. ఒక్క ఉదాహరణ చెబుతాను. భారత కాంట్రాక్టు చట్టం 1872లో 70వ సెక్షన్ అని ఒకటుంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరికి వస్తువు అందిస్తే, అవతలివారు దాని ప్రయోజనం అనుభవిస్తే, వారు పరిహారం ఇవ్వాలి, లేదా ఆ వస్తువైనా తిరిగి ఇవ్వాలి అంటుంది. 1944లో బెంగాల్ పౌర సరఫరాల శాఖకు ఒక కాంట్రాక్టరు గోడౌన్లు కట్టిచ్చాడు. కాంట్రాక్టు పద్ధతి ప్రకారం జరగలేదు కాబట్టి చెల్లదు, డబ్బు ఇవ్వం అంది ప్రభుత్వం. చివరికి సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కిందే ఆయనకు డబ్బు ఇప్పించింది. కాంట్రాక్టు చెల్లకపోవచ్చు, వాడుకున్న గోడౌను గోడౌనే కదా! పేర్లు వేరైనా ఇలాంటి సూత్రం చాలా దేశాల చట్టాల్లో ఉంటుంది. మీ వకీలుగారిని మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. కాంట్రాక్టు చెల్లదంటే, వాడుకున్నదానికి విలువ ఏ చట్టం కింద అడగొచ్చు?

వాడకానికి రుజువు మీ ఇంట్లో ఉండదు, వాళ్ళ పుస్తకాల్లో ఉంటుంది. మీ డెలివరీ చలాన్ మీద స్టోర్ కీపర్ గీసిన వంకర సంతకం, సగం పడిన రబ్బరు ముద్ర, పక్కన తేదీ. ఇవి చాలనుకుంటారు మీరు. బల్లకు అవతల కూర్చున్నవాడు ఆ సంతకం ఎవరిదో తెలియక పక్కన ప్రశ్నార్థకం పెడతాడు. అదే చలాన్ నంబరు వాళ్ళ గేటు రిజిస్టర్‌లో ట్యాంకర్ నంబరుతో, లోపలికి వెళ్ళిన టైముతో కనిపిస్తే? స్టోర్ లెడ్జర్‌లో అదే రోజు 'వచ్చినది' అన్న గడిలో అన్ని లీటర్లు ఎక్కి, మర్నాడు జనరేటర్‌కి ఇచ్చినట్టు 'ఇచ్చినది' గడిలో దిగితే? ఇక ఏ ఆడిట్ అధికారీ ఆ సరుకు రాలేదనలేడు. నా రోజుల్లో ఒక బిల్లు మూడేళ్ళు నా బల్ల మీద మూలిగింది. చివరికి దాన్ని కదిలించినది మంత్రిగారి సిఫారసు కాదు. సరఫరాదారు కూతురు వచ్చి, లాగ్ బుక్‌లో జనరేటర్ నడిచిన గంటల్ని వాళ్ళ డీజిల్ లీటర్లతో పోల్చి ఒక పేజీ పట్టిక చేసిచ్చింది. రెండూ సరిపోయాయి. ఆ సాయంత్రమే నేను నోట్ రాశాను.

మీరూ అలాంటి పట్టికే చేయండి. లెక్కలు మీ చేతిలో ఉన్నాయి కాబట్టి మీకు కష్టం కాదు. తేదీ, సరుకు, పరిమాణం, చలాన్ నంబరు, ఎవరు ఫోన్ చేశారు, ఎవరు దింపుకున్నారు, మొదటి నాలుగు నెలల్లో అదే సరుకుకు వాళ్ళే కట్టిన రేటు. ఈ చివరి గడి ముఖ్యం. అత్యవసరం కదా అని రేటు పెంచి ఉంటే, ఆ పెంపు ఇప్పుడు వదులుకోండి. వాళ్ళే ఒప్పుకుని కట్టిన రేటుకు మించి ఒక్క పైసా అడగని అర్జీని తోసిపుచ్చడం చాలా కష్టం. ఫోన్ కాల్స్ రికార్డు, మెసేజ్‌లు, డ్రైవర్ల డైరీ అన్నీ జత చేయండి, అసలు కాగితాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. నకళ్ళు ఇచ్చి, రసీదు మీద ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. బదిలీ అయిన ఆ అధికారికి కూడా మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. 'ఫలానా తేదీల మధ్య మీరు కోరిన మీదట సరుకు పంపాం, మీకు గుర్తున్నంత వరకు ధృవీకరించగలరు' అని, అంతే. నిందించకండి. ఆయనకూ భయం ఉంటుంది, ఆర్డర్ లేకుండా తెప్పించావేం అని తన మెడకొస్తుందని. ఆయన ధృవీకరిస్తే మీకు అధికారం సంగతి కొంత తేలుతుంది, తేలకపోయినా వాడకం రుజువు మిగులుతుంది.

నష్టపోయినవాళ్ళ అర్జీలు వేల సంఖ్యలో పరిశీలించిన ఒక సందర్భం చరిత్రలో ఉంది. అమెరికా అంతర్యుద్ధం తర్వాత 1871లో అక్కడి కాంగ్రెస్ ముగ్గురు సభ్యులతో ఒక కమిషన్ వేసింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఉంటూనే యూనియన్, అంటే ఉత్తరాది కేంద్ర ప్రభుత్వం, పక్షాన నిలిచినవారి దగ్గర ఆ సైన్యం తీసుకున్న సరుకుకు ధర కట్టించడం దాని పని. 22 వేలకు పైగా అర్జీలు వచ్చాయి. అడిగింది 6 కోట్ల డాలర్లకు పైమాట, మంజూరైంది 46 లక్షల చిల్లర. దొంగిలించినదానికి, పాడు చేసినదానికి ఇవ్వలేదు. సైన్యం అవసరానికి తీసుకున్నారని తేలినదానికే ఇచ్చారు, గుర్రాలు, పశుగ్రాసం, కంచె కర్రలు కూడా. అర్జీదారు యుద్ధమంతా ఎటు నిలిచాడో ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారు. ఇరుగుపొరుగువారిని, అంతకు ముందు బానిసలుగా ఉన్నవారిని సాక్షులుగా పిలిచేవారు. కంచె కర్రకు పరిహారం రావాలంటే దాన్ని ఏ దళం, ఏ రాత్రి మంట వేసుకుందో చూసినవాడు కావాలి. మీ ట్యాంకర్ డ్రైవర్, క్లీనర్ అలాంటివాళ్ళే. వాళ్ళు ఉద్యోగం మారకముందే వాంగ్మూలం రాయించి, వీలైతే నోటరీ చేయించండి.

రెండో అర్జీ, నష్టానిది. దీనిమీద మీకు పెద్ద ఆశ పెట్టను. లారీ ఎలా దెబ్బతింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. సైనిక వాహనం గుద్ది ఉంటే అది మామూలు ప్రమాద పరిహారం కేసు. వాళ్ళు చెప్పిన దారిలో, వాళ్ళ రక్షణలో వెళ్తుంటే జరిగితే కొంత వాదన ఉంది. ఊరికే గుంతలో దిగి విరిగితే అది వ్యాపారంలో భాగం. ముందు బీమా కంపెనీకి క్లెయిం పెట్టారా లేదా రాయలేదు మీరు. యుద్ధ పరిస్థితుల్లో జరిగినదానికి చాలా పాలసీలు వర్తించవు, అయినా అడిగి 'ఇవ్వం' అని కాగితం తెచ్చుకోండి. అది రెండో అర్జీకి జత అవుతుంది. తొమ్మిది రోజుల ఆగుడుకు మూసివేత ఆదేశం నకలు ఉంటేనే అర్థం. రాని లాభం మాత్రం కొట్టేయండి. అది చూస్తే చదివేవాడికి మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది.

వడ్డీ సంగతి వేరు. మీరు తెచ్చిన అప్పు మీద మీరు కట్టిన వడ్డీ మీ సొంత ఖర్చు, దాన్ని అడగలేరు. వాళ్ళు ఆలస్యం చేసిన బాకీ మీద వడ్డీ మాత్రం బాకీలో భాగమే, మొదటి అర్జీలోనే అడగండి. అసలుకు, వడ్డీకి విడివిడి అంకెలు వేయండి. దీనికి విగో అనే వ్యాపారి కథ చెప్పాలి. ఇటలీ గడ్డ మీద పుట్టి మిసిసిపీ ఒడ్డున బొచ్చు తోళ్ళ వ్యాపారం చేసేవాడు. 1778లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడుతున్న జార్జ్ రోజర్స్ క్లార్క్ సైన్యానికి సరుకులిచ్చి 8,616 డాలర్ల హుండీ, అంటే ఫలానావారు డబ్బు కట్టాలన్న కాగితం, తీసుకున్నాడు. ఆ హుండీ న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న ఆలివర్ పోలాక్ అనే వ్యాపారి మీద రాసింది. పోలాక్ దగ్గర డబ్బులేదు. ఆయనా అదే సైన్యం కోసం సొంత పూచీ మీద అప్పులు తెచ్చి మునిగినవాడే, ఆ అప్పులకు తర్వాత హవానాలో నిర్బంధంలో ఉండాల్సి వచ్చింది. విగో 1836లో పేదవాడిగా పోయాడు. ఆయన అంత్యక్రియల బిల్లు కూడా చెల్లకుండా మిగిలిపోయింది. 1876లో వారసులకు మొత్తం 49,898 డాలర్ల 60 సెంట్లు వచ్చాయి. అందులో అసలు ఆ 8,616 డాలర్లే. మిగతాదంతా వడ్డీ. అంత్యక్రియల బిల్లూ అప్పుడే తీరింది.

విగో కేసు అంత సాగడానికి ఒక కారణం, కట్టాల్సింది ఎవరన్నది తేలకపోవడం. క్లార్క్‌ని పంపింది వర్జీనియా రాష్ట్రం. తర్వాత క్లార్క్ గెలిచిన భూభాగం కేంద్రానికి వెళ్ళింది, దానితోపాటే ఆ దండయాత్ర ఖర్చూ వెళ్ళింది. మీ శిబిరం ఎత్తేశారు కాబట్టి దాని బాకీలు ఏ యూనిట్‌కి, ఏ చెల్లింపు ఆఫీసుకు బదిలీ అయ్యాయో మొదట రాతపూర్వకంగా కనుక్కోండి. తప్పు ఆఫీసుకు రాసిన అర్జీ తప్పు ఇంటి తలుపు కొట్టినట్టే, ఎంత గట్టిగా కొట్టినా తీయరు. ప్రభుత్వ కాగితాలు కోరే హక్కు చట్టం మీ దేశంలో ఉంటే వాడండి. సైన్యానికి మినహాయింపు ఉందని బెదరకండి. అడిగేది దళాల కదలికలు కాదు, డీజిల్ లెక్క.

ఒక ప్రమాదం మాత్రం మీ పక్కనే ఉంది, కాలదోషం, అంటే దావా వేసే గడువు దాటిపోవడం. 'పరిశీలనలో ఉంది' అన్న జవాబు చూసి గడియారం ఆగిందనుకుంటారు అందరూ. సాధారణంగా ఆగదు. ఎన్నేళ్ళ లోపు దావా వేయాలన్నది దేశాన్నిబట్టి మారుతుంది. భారతదేశంలో సరుకు ధరకు మామూలుగా 3 ఏళ్ళు, పైగా ప్రభుత్వం మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. మీకు ఇప్పటికే ఏడాది పైన పోయింది. ఒక్కో బిల్లుకు గడువు వేరుగా లెక్కపడుతుంది, అన్నిటికన్నా పాత బిల్లు తేదీ చూసుకుని వకీలుగారి దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు బాకీ ఉందని ఒప్పుకుంటూ సంతకంతో రాస్తే చాలాచోట్ల గడువు కొత్తగా మొదలవుతుంది. 'పరిశీలనలో ఉంది' అంటే ఒప్పుకోవడం కాదు. అందుకే మొదటి అర్జీ చివర 'ఈ పరిమాణాలు మీ రికార్డులతో సరిపోయాయో లేదో తెలియజేయగలరు' అని అడగండి. సరిపోయాయి అని ఎవరైనా రాస్తే ఆ కాగితం బంగారం.

మధ్యలో వాళ్ళు కొంత మొత్తం ఇస్తామంటే తీసుకోండి. కానీ దానితో వచ్చే రసీదు చదవకుండా మీవారిని సంతకం పెట్టనివ్వకండి. 'పూర్తి పరిష్కారంగా స్వీకరించాం' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటి చోట 'మిగిలిన హక్కులకు భంగం లేకుండా' అని చేత్తో రాసి సంతకం పెట్టనిస్తారేమో అడగండి. నిద్ర లేనివాళ్ళు ఏదో ఒకటి తెగిపోతే చాలని సంతకం పెట్టేస్తారు, నేను చూశాను. ఆ కాగితాలన్నీ మీ చేతి మీదుగా వెళ్ళేలా చూసుకోండి.

ఇవేవీ పని చేయకపోతే చట్టసభకు అర్జీ అన్న దారి ఒకటుంది. పాతకాలంలో అదే మొదటి దారి. అమెరికా కాంగ్రెస్‌కి ఇలాంటివి ఎన్ని వచ్చిపడ్డాయంటే, తట్టుకోలేక 1855లో వాటికోసం ప్రత్యేక కోర్టే పెట్టుకుంది. ఇప్పుడది చివరి దారి. మీ ప్రతినిధి ద్వారా సభలో ప్రశ్న అడిగిస్తే ఫైలు కదలొచ్చు, కానీ పత్రికలకెక్కే ముందు వకీలుగారిని ఒక మాట అడగండి.

గేటు రిజిస్టరు, స్టోర్ లెడ్జర్ నకళ్ళ కోసం దరఖాస్తు ఈ వారమే పెట్టండి, పట్టిక తయారయ్యే దాకా ఆగకండి. ఎత్తేసిన శిబిరం పుస్తకాల్ని నిర్ణీత కాలమే దాస్తారు. ఆ తర్వాత జాబితా రాసుకుని చించేస్తారు, ఆ పని చేయించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. దరఖాస్తులో 'ఈ రికార్డుల మీద క్లెయిం పెండింగ్‌లో ఉంది, తేలేవరకు నాశనం చేయవద్దు' అని ఎర్ర సిరాతో అండర్‌లైన్ చేయండి.